ఇస్కూలుకు ముందు ‘ఇ’ ఎక్కడిది?

రైల్లో పై బెర్తు మీద పడుకుని ఉంటాం. కింద ఎవరో ఇద్దరు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ ఉంటారు. ముఖాలు కనిపించవు, పేర్లు తెలియవు. అయినా నాలుగు మాటలు చెవిన పడేసరికి ‘వీళ్ళు మనవాళ్ళే’ అనేస్తాం. ఇంకాస్త ఆరితేరిన చెవైతే తమిళుడో, పంజాబీవాడో, బెంగాలీయో కూడా చెప్పేస్తుంది. బడిలో అందరూ దిద్దింది అవే ఇరవై ఆరు అక్షరాలు. వ్యాకరణమూ ఒకటే. మరి నోట్లోకి వచ్చేసరికి ఇంగ్లీషు ఇన్ని రకాలుగా ఎందుకు మారిపోతుంది?

‘సరిగ్గా నేర్చుకోలేదు కాబట్టి’ అన్నది మామూలుగా వినిపించే జవాబు. కానీ అదే కారణమైతే తప్పులు తలా ఒక తీరుగా ఉండాలి. ఒకరు ‘ఇస్కూలు’ అంటే ఇంకొకరు ‘స్కులూ’ అనీ, మరొకరు ‘సుక్కోలు’ అనీ అనాలి. అలా ఎవరూ అనరు. మడకశిరలో బడి మొహం చూడని ముసలాయనా, తాడిపత్రిలో బడి మొహం చూడని ముసలమ్మా ఒకరినొకరు ఎరగరు. ఇద్దరూ ‘ఇస్కూలు’ అనే అంటారు. ఊరూవాడా కలిసి ఒకే ‘తప్పు’ ఒకే చోట చేస్తున్నారంటే దాని వెనక ఏదో సూత్రం ఉండాలి. ఆ సూత్రం ఏమిటో చూద్దాం.

చూడడానికి అనంతపురం సీమను మించిన చోటు లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ మెట్ట పీఠభూమి మీదికి ఇంగ్లీషు చాలా దారుల్లో వచ్చింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక దొరల కచేరీలతో వచ్చింది. గుంతకల్లు జంక్షనుకు వచ్చే రైళ్ళతో వచ్చింది. 1969లో స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ వచ్చి ఇక్కడ ఆర్.డి.టి. సేవాసంస్థను నిలబెట్టినప్పటి నుంచి స్పెయిన్ వాళ్ళ నోట వస్తోంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలయ్యాక కొరియా వాళ్ళ నోటా వస్తోంది. 2022లో జిల్లా రెండుగా చీలి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కానీ, మాటలు ఆ సరిహద్దును పట్టించుకోవు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి బతుకుతున్న నేల మీద స్పానిష్ యాస ఇంగ్లీషూ, కొరియా యాస ఇంగ్లీషూ పక్కపక్కన వినిపిస్తున్నాయి. పోల్చి చూడడానికి ఇంకేం కావాలి?

చెవి అనే జల్లెడ

వేరుశనగ గింజలను సైజుల వారీగా విడదీసే జల్లెడ ఈ సీమలో తెలియనివాళ్ళు ఉండరు. జల్లెడకు ఒకే సైజు కన్నాలుంటే గింజలు రెండు కుప్పలవుతాయి. కిందికి రాలినవి ఒక కుప్ప, పైన నిలిచినవి ఒక కుప్ప. మధ్యరకం గింజ ఉన్నా దానికంటూ మూడో కుప్ప ఉండదు. ఇటో అటో పడాల్సిందే. మన చెవి సరిగ్గా ఇదే పని చేస్తుంది. రష్యాలో పుట్టి వియన్నాలో పాఠాలు చెప్పిన త్రుబెత్స్కొయ్ అనే భాషావేత్త, చనిపోయిన మరుసటి ఏడు, 1939లో అచ్చయిన తన పుస్తకంలో ఈ జల్లెడ పోలికే వాడాడు. పరాయి భాష ధ్వనులను మనం విన్నవి విన్నట్టు వినం, మన భాష జల్లెడలో వేసి వింటాం అన్నాడు.

ఒక్క ధ్వని తీసుకుని చూద్దాం. ‘త’ అనండి. నాలుక కొన పై పళ్ళను తాకుతుంది. ‘ట’ అనండి. కొన వెనక్కి మడుచుకుని అంగిలిని తాకుతుంది. ‘టీ’ అనే ఇంగ్లీషువాడి నాలుక ఈ రెండింటికీ మధ్యన, పళ్ళ వెనక చిగురు గట్టును తాకుతుంది. అది మన ‘త’ కాదు, మన ‘ట’ కూడా కాదు. మన జల్లెడలో దానికి వేరే కుప్ప లేదు. కాస్త దగ్గరగా వినిపించే ‘ట’ కుప్పలో పడింది. అందుకే టికెట్టు, టైరు, డాక్టరు అన్నీ మనకు ట-డలతోనే వచ్చాయి. అవతల ఇంగ్లీషువాడి చెవికి ఈ ‘ట’ మరీ బరువుగా తగులుతుంది. మన యాసను వాడు మొదట గుర్తుపట్టేది దీనితోనే.

ఈ జల్లెడ పుట్టుకతో వచ్చేది కాదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగాలకు వాడుకున్నది మన త-టలనే. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీ త-టలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి అదే తేడా వాళ్ళ చెవికి దాదాపు చెరిగిపోయింది. ఇంట్లో వినిపించని తేడాతో పని లేదని చెవి తొలి పుట్టినరోజు నాటికే నిర్ణయించేసుకుంటుందన్నమాట. మన పిల్లల చెవులూ అంతే. ఇంగ్లీషులోని రెండు రకాల ‘వ’లు ఒకే కుప్పలో పడేది అప్పుడే. పై పళ్ళు కింది పెదవికి తగిలించి పలికే ‘వ’తో మొదలయ్యే మాట చొక్కాలోపల తొడుక్కునే వెస్ట్. పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘వ’తో మొదలయ్యేది పడమర దిక్కు వెస్ట్. మనకు రెండూ ఒకటే వెస్ట్.

అందరి జల్లెడా ఒకటి కాదు. తెలుగులో ‘కలం’ వేరు, ‘కాలం’ వేరు. కాబట్టి ఇంగ్లీషులో ఓడ అని అర్థమిచ్చే ‘షిప్’, గొర్రె అని అర్థమిచ్చే ‘షీప్’ మనకు ఇట్టే వేరవుతాయి. అచ్చుల నిడివితో పని లేని స్పానిష్ చెవికి ఆ రెండూ విడదీయడం గగనం. ల-రల తేడా మనకు ఒక లెక్కే కాదు. కొరియా వాళ్ళకు అదే పెద్ద పరీక్ష.

బస్సుకు ‘ఉ’, బెంచికి ‘ఇ’

ఇక నోటి సంగతి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే మన వ్యాకర్తలు దీన్ని అజంత భాష అన్నారు. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లు దగ్గర టక్కున ఆగిపోతుంది. ఆ ఆగిన చోట మనం ఒక ‘ఉ’ చేర్చి మాటను పూర్తిచేస్తాం. కారు, గేటు, బూటు, లైటు.

అయితే బస్సు, కప్పు, పెన్ను, బిల్లు, నట్టు చూడండి. ఇక్కడ ‘ఉ’ చేరడంతో పాటు హల్లు రెట్టింపయింది. ‘గేట్టు’ అనం, ‘కపు’ అనం. ఎందుకు? మాటలో అచ్చు దీర్ఘమైతే హల్లు ఒంటరిగా ఉంటుంది, హ్రస్వమైతే జంట అవుతుంది. దీని గుట్టు మన ఛందస్సులో ఉంది. ‘బస్’ అన్నది ఒక గురువు. దానికి ఉత్త ‘ఉ’ చేర్చి ‘బసు’ అంటే రెండు లఘువులై మాట తేలిపోతుంది. ‘బస్సు’ అంటే మొదటి గురువు గురువుగానే నిలుస్తుంది. గణాలు తెలియని బస్సు కిలీనరు కూడా ఈ లెక్క తప్పడు. ‘రోడ్డు’ లాంటివి ఒకటీ అరా లొంగకపోయినా మాటల దండు మొత్తం ఈ దారినే నడుస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. బెంచి, బ్రిడ్జి, పేజీ, కాలేజీ, గ్యారేజీ. వీటికి ‘ఉ’ రాలేదు, ‘ఇ’ వచ్చింది. ఇవన్నీ చ-జలతో ముగిసే మాటలు. చ, జ పలికేటప్పుడు నాలుక మధ్యభాగం అంగిలి దాకా లేచి ఉంటుంది. ‘ఇ’ పలకడానికి నాలుక ఉండాల్సిన చోటూ దాదాపు అదే. కొత్త అచ్చు కోసం నాలుకను ఇంకో చోటికి తిప్పే శ్రమ ఎందుకని ఉన్నచోటనే ‘ఇ’ పలికించేస్తుంది నోరు. 

ఇది తెలుగువాడి తెలివి మాత్రమే అనుకుంటే ఎర్రమంచి దాకా వెళ్ళి రావాలి. కొరియా భాషలో బస్సును ‘బొసు’ అంటారు. ఆ చివరి ‘ఉ’ పెదవులు చుట్టకుండా పలికేది, అంతే తేడా. బెంచికి వాళ్ళ మాట ‘బెంచి’. పేజీని ‘పెయిజి’ అంటారు, ఆరెంజిని ‘ఒరెంజి’ అంటారు. చ-జల తరువాత ‘ఇ’, మిగతాచోట్ల అచ్చు చేర్చాల్సి వస్తే ‘ఉ’. తెలుగుకూ కొరియన్‌కూ చుట్టరికం లేదు. కియా రాకముందు ఈ సీమ రైతుకు కొరియా మనిషి ఎదురుపడిందే అరుదు. అయినా రెండు భాషలూ ఇంగ్లీషు మాటకు ఒకే మరమ్మతు చేశాయి. జపాన్ భాషలోనూ బస్సు ‘బసు’, బెంచి ‘బెంచి’. ఇంకా ఉంది. కొరియన్‌లో ‘ఫ’ ధ్వని లేదు, దాని బదులు ‘ప’ వాడతారు. కాబట్టి కాఫీ వాళ్ళకు ‘ఖొపి’. పెనుకొండ టీ కొట్టు దగ్గర ‘ఒక కాపీ ఇయ్యప్పా’ అనే పెద్దాయనకూ, ఫ్యాక్టరీలో ‘ఖొపి’ తాగే కొరియా ఇంజనీరుకూ ఈ ఒక్క మాటలో దూరం లేదు.

మాట చివరే కాదు, మొదట్లోనూ మన భాష చెయ్యి చేసుకుంటుంది. తెలుగులో ‘ఎవరు’ అని రాసినా పలుకులో ‘యెవరు’ అని సన్నని యకారం వినిపిస్తుంది. ‘ఒకటి’ని ‘వొకటి’ అంటాం. ఇదే అలవాటుతో ఇంగ్లీషు అక్షరాలూ మారాయి. పాత సినిమా పోస్టర్ల మీద ‘యన్.టి.ఆర్.’, ‘యస్.వి. రంగారావు’ అని ఉండడానికి కారణం రాసినవాడి నిర్లక్ష్యం కాదు. వాడికి తన నోట్లో ఏం వినిపించిందో అదే రాశాడు.

ఇస్కూలు, టేసను, బిలేడు, డైవరు

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. అచ్చ తెలుగు మాట ‘స్క’, ‘స్ట’, ‘స్ప’ లాంటి సంయుక్తాక్షరంతో మొదలుకాదు. అలాంటి మాట బయటి నుంచి వస్తే చదువు సోకని నోరు రెండు ఉపాయాలు చేస్తుంది. ఒకటి, ముందు ఒక అచ్చు పెట్టి అడ్డంకి దాటడం. ఇస్కూలు, ఇస్టాంపు అలా వచ్చాయి. రెండు, సకారాన్ని వదిలేయడం. పోలీసు టేసను అలా వచ్చింది.

మొదటి ఉపాయం వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే. సంస్కృతంలోని ‘స్త్రీ’ పాళీ భాషలో ‘ఇత్థీ’ అయింది. అప్పటికి ఇంగ్లీషు అనే భాషే లేదు. రెండో ఉపాయానికీ పాత సాక్ష్యం ఉంది. సంస్కృత ‘స్థానం’ ప్రాకృతాల్లో సకారం పోగొట్టుకుని, చివరకు ‘ఠాణా’ అయి పోలీసుల ఇల్లయింది. ‘స్టేషన్’ సకారం పోగొట్టుకుని ‘టేసను’ అయి అదే ఇంటికి పేరయింది. నిలబడడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి ఒకటి సంస్కృతం గుండా, ఇంకొకటి లాటిన్ గుండా వచ్చి, వేల ఏళ్ళ తరువాత రెండూ ఒకే గాయంతో ఒకే గుమ్మం ముందు కలుసుకున్నాయి.

ఇక స్పెయిన్ వాళ్ళ మాట. లాటిన్‌లో ‘స్కోలా’ అంటే బడి. స్పానిష్‌లో అది ‘ఎస్కువేలా’ అయింది. వాళ్ళ దేశం పేరు వాళ్ళకు ‘ఎస్పాన్యా’. సకారంతో మొదలయ్యే జంట హల్లు ముందు ‘ఎ’ పెట్టడం వాళ్ళ భాషకు ప్రాణం. కాబట్టి ఇంగ్లీషు మాట్లాడినప్పుడూ చాలామంది స్పానియార్డులు ‘ఎస్కూల్’, ‘ఎస్టాప్’ అంటారు. ఫ్రెంచివాళ్ళు ఇంకో అడుగు వేశారు. ‘ఎస్కోల్’ అని ముందు ‘ఎ’ చేర్చుకుని, తరువాత సకారాన్నీ వదిలేసి ‘ఎకోల్’ చేసుకున్నారు. ఆర్.డి.టి. వాళ్ళ బత్తలపల్లి ఆసుపత్రికి వచ్చిన స్పెయిన్ డాక్టరు ‘ఎస్కూల్’ అంటే మనకు ముచ్చటగా ఉంటుంది, ఆ పక్క పల్లె రైతు ‘ఇస్కూలు’ అంటే నవ్వొస్తుంది. నోరు చేసిన పని రెండు చోట్లా ఒకటే. మన నవ్వులోనే ఉంది తేడా అంతా.

మన దేశంలోనే దీనికి ప్రాంతభేదం ఉంది. ఉత్తరప్రదేశ్, బీహార్ పల్లెల్లో ‘ఇస్కూల్’ అంటే, పంజాబులో ‘సకూల్’ అంటారు. ఒకరు అచ్చును ముందు పెట్టారు, ఒకరు మధ్యలో దూర్చారు.

మరి మనం మధ్యలో దూర్చమా? దూరుస్తాం, కానీ అన్నిచోట్లా కాదు. గ్లాసు ‘గలాసు’ అయింది, బ్లేడు ‘బిలేడు’ అయింది, క్లీనరు ‘కిలీనరు’ అయ్యాడు. ఎవరూ ‘ఇగ్లాసు’ అనరు. సకారం మొదట ఉంటే అచ్చు ముందుకూ, లకారం రెండోది అయితే అచ్చు మధ్యకూ వెళ్తుంది. ఈజిప్టు అరబ్బుల ఇంగ్లీషులోనూ ప్లాస్టిక్ ‘బిలాస్తిక్’ అవుతుంది, సకారపు జంటకు మాత్రం ముందు ‘ఇ’ వస్తుంది. భాషావేత్తలు చెప్పే కారణం ఇది. గ, బ, క లాంటివి విడిచి లకారంలోకి జారేటప్పుడు మధ్యలో అచ్చు లాంటి చిన్న నాదం సహజంగానే ఉంటుంది. అక్కడ నిజం అచ్చు పెట్టినా చెవికి పెద్ద తేడా తెలియదు. ‘స్క’లో మాత్రం ఆ రెండూ బిగుసుకుని ఉంటాయి. విడదీస్తే మాట రూపమే మారుతుంది, ముందు పెడితే మారదు. అంటే ‘ఇస్కూలు’ అనే ముసలాయన నోరు అసలు మాటకు వీలైనంత తక్కువ నష్టం చేసే దారినే ఎంచుకుంటోంది.

రకారం, అంటే రేఫ సంగతి మరోలా ఉంది. డ్రైవరు ‘డైవరు’ అయ్యాడు, ట్రాక్టరు ‘ట్యాక్టరు’ అయింది. ఇక్కడ అచ్చు చేర్చలేదు, రేఫనే ఎగరగొట్టారు. ఇదీ తెలుగుకు కొత్త కాదు. ‘క్రొత్త’ కొత్తయింది, ‘ప్రొద్దు’ పొద్దయింది. పక్క జిల్లాలోని ఊరికి బోర్డు మీద ‘ప్రొద్దుటూరు’ అని ఉన్నా సీమ జనం ‘పొద్దుటూరు’ అనే అంటారు. తెలుగు మాటలకు పట్టిన సూత్రమే డ్రైవరుకూ పట్టింది.

బోరు పాయింటు దగ్గర

పలుకు ఒకటే కాదు, వాడుకా మారుతుంది. కరువు సీమలో ఏ పల్లెలోనైనా వినిపించే మాట ఇది: ‘పాయింటు పెట్టించి ఎనిమిది నూర్ల అడుగులు దించినామప్పా, బోరు పెయిలయిపాయ. మొన్న ఆయప్ప బోరులో మాత్రం రెండించుల నీళ్ళు పడినాయి.’

ఇందులో పాయింటు, బోరు, ఫెయిలు, ఇంచి అని నాలుగు ఇంగ్లీషు మాటలున్నాయి. ఒక్క ఫెయిలు తప్ప ఏదీ ఇంగ్లీషు అర్థంతో లేదు. ‘బోర్’ ఇంగ్లీషులో ముందు తొలిచే పని, ఆ తరువాత తొలిచిన కన్నం. ఇక్కడ అది నీళ్ళు, మోటారు, అప్పు అన్నీ కలిసిన బావి. ‘పాయింటు’ అంటే జియాలజిస్టో, కొబ్బరికాయ పట్టుకున్న పెద్దమనిషో నీళ్ళున్నాయని చూపించిన చోటు. ‘ఇంచి’ పొడవు కొలత. ఇక్కడ అది బోరులోంచి వచ్చే నీటి ధారకు కొలత. ‘కరెంటు’ అన్నా విద్యుత్ ప్రవాహమనే పుస్తకార్థం కాదు, రాత్రి ఎన్ని గంటలకు వస్తుందో తెలియని సరఫరా.

ఇంకో సంగతి. ఈ మాటలు తెలుగు వ్యాకరణానికి పూర్తిగా లొంగిపోయాయి. పేరు-పేర్లు అయినట్టు బోరు-బోర్లు. గుడ్డు-గుడ్లు అయినట్టు రోడ్డు-రోడ్లు. కత్తి-కత్తులు అయినట్టు ఇంచి-ఇంచులు, బెంచి-బెంచులు. ఏ పంతులూ నేర్పలేదు. మాట ఊళ్ళోకి వచ్చిందంటే ఊరి కట్టుబాటుకు తలవంచాల్సిందే.

రాకపోకలు రెండువైపులా ఉంటాయి. మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తెలుగు వ్యాకరణం దాని వెంట నడుస్తుంది. ‘నిన్ననే వచ్చాను’ అనడానికి ‘ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’ అంటాం. ఇంగ్లీషువాడు వింటే ‘నిన్న మాత్రమే వచ్చాను’ అని అర్థం చేసుకుని తికమక పడతాడు. మన ఉద్దేశం అది కాదు. ‘నిన్ననే’లోని ఏకారానికి ఇంగ్లీషులో దొరికిన మాట ‘ఓన్లీ’. దక్షిణాది భాషలన్నిటిలోనూ ఇలా ఒత్తిచెప్పే ప్రత్యయం ఉంది కాబట్టి బెంగళూరులోనూ, చెన్నైలోనూ ఇదే వాడుక నడుస్తోంది.

కొన్ని మాటలను పుట్టినింటివాళ్ళే మరిచిపోయారు, మనం బతికించుకున్నాం. ‘టిఫిన్’ అలాంటిది. కొద్దికొద్దిగా తాగడం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు వాడుమాట నుంచి ఇక్కడి దొరలు దాన్ని తయారుచేసుకున్నారని నిఘంటువులు చెబుతాయి. లండన్‌లో ఇప్పుడు పొద్దున్నే టిఫిన్ అడిగితే వింతగా చూస్తారు. అనంతపురంలో టిఫిన్ సెంటరు లేని వీధి లేదు. ఇంకొన్నిటిని మనమే వాడుకలోకి తెచ్చాం. ‘పోస్ట్‌పోన్’కు ఎదురుమాటగా మనవాళ్ళు వాడిన ‘ప్రీపోన్’ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది.

ఇంతకీ అసలు ఇంగ్లీషు ఏది?

‘సరే, మన ఇంగ్లీషు మనది. కానీ అసలైనది ఒకటి ఉంటుంది కదా’ అని అడగవచ్చు. కొంచెం వెనక్కి వెళ్దాం.

1800 నుంచి 1807 దాకా అనంతపురం కేంద్రంగా, నిజాం కంపెనీకి వదిలేసిన దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లాండ్ వాడు. సీమ జనం ఆయన పేరును ‘మన్రోలప్ప’ చేసుకుని పిల్లలకు పెట్టుకున్నారు. ఆయన కాలానికే లండన్ నోళ్ళలో ఒక మార్పు నడుస్తోంది. ‘కార్’, ‘హార్డ్’ లాంటి మాటల్లో అచ్చు తరువాతి రేఫను అక్కడ వదిలేస్తున్నారు. స్కాట్లాండ్, ఐర్లండ్ మాత్రం రేఫను గట్టిగా పట్టుకున్నాయి, ఇప్పటికీ పట్టుకునే ఉన్నాయి. మనమూ ‘కారు’, ‘నంబరు’ అని రేఫ పలుకుతాం. ఇంగ్లండ్ దక్షిణాదిన అది నాటు యాస, స్కాట్లాండులో అదే ఇంటి భాష.

అమెరికాలో కథ తిరగబడింది. న్యూయార్కులో విలియం లబోవ్ అనే పరిశోధకుడు 1962లో మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళాడు. ఒకటి డబ్బున్నవాళ్ళది, ఒకటి మధ్యతరగతిది, ఒకటి చవక బేరాలది. నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని అక్కడి పనివాళ్ళను అడిగాడు. వాళ్ళు ‘ఫోర్త్ ఫ్లోర్’ అనాలి. అందులో రెండు రేఫలు. ఖరీదైన దుకాణంలో రేఫ ఎక్కువ వినిపించింది, మధ్యరకంలో తగ్గింది, చవక దుకాణంలో బాగా తక్కువ. లండన్‌లో రేఫ వదలడం పెద్దమనిషి లక్షణమైతే, న్యూయార్కులో రేఫ పలకడం పెద్దమనిషి లక్షణం. ధ్వని ఒకటే, మర్యాద మాత్రం తారుమారు. కాబట్టి ధ్వనిలో గొప్పతనమూ లేదు, నీచమూ లేదు. అది పలికేవాళ్ళ హోదాయే ధ్వనికి హోదా ఇస్తుంది.

ఇంగ్లీషు ఒక్కచోట నిలిచిన భాషా కాదు. సుమారు 1400 నుంచి 1700 వరకు దాని దీర్ఘాచ్చులన్నీ వరసగా స్థానాలు మారాయి. ఇప్పుడు ‘నేమ్’ అనే మాట ఆ మార్పుకు ముందు ‘నామ’ లాగా పలికేది. ఇప్పటి ‘హౌస్’ అప్పట్లో ‘హూస్’. ‘నైఫ్’ ముందున్న కె అక్షరాన్ని కూడా పలికేవారు. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అప్పటినుంచి స్పెల్లింగులు క్రమంగా గడ్డకట్టాయి. నోళ్ళు మాత్రం ముందుకు నడిచాయి. స్పెల్లింగుకూ పలుకుకూ పొంతన లేదని మన పిల్లలు ఏడవడానికి అసలు కారణం ఇదే. ‘ప్లంబర్’లో బకారం ఇంగ్లీషువాళ్ళు పలకరు, మనం పలుకుతాం. వాళ్ళు ఆ మాటను విని నేర్చుకున్నారు, మనం చదివి నేర్చుకున్నాం. రాసింది రాసినట్టు పలికే లిపితో పెరిగిన జాతి ఇంకెలా పలుకుతుంది?

తాత, కొడుకు, మనవడు

మార్పు చూడడానికి మూడు వందల ఏళ్ళు ఆగనక్కరలేదు, ఒక్క ఇల్లు చాలు. తాత ‘ఇస్కూలు’ అంటాడు. కొడుకు ‘స్కూలు’ అంటాడు. మనవడు చివరి ఉకారం కూడా తీసేసి ‘స్కూల్’ అంటాడు. బస్సు ‘బస్’ అయింది, కారు ‘కార్’ అయింది. వెయ్యేళ్ళుగా అచ్చుతో ముగియడానికి అలవాటుపడిన భాషలో, హల్లు దగ్గర ఆగే మాటలు పిల్లల నోట మామూలయిపోయాయి.

‘ఫ’ కథ ఇంకా తమాషా. తాతకు అది ‘ప’. ఆపీసు, పోను, పీజు. ఇంగ్లీషు చదువుతో కొడుకు పళ్ళను పెదవికి తగిలించి అసలు ‘ఫ’ నేర్చుకున్నాడు. మనవడు అక్కడితో ఆగలేదు. సంస్కృతం నుంచి వచ్చిన ఫలం, ఫలితం కూడా ‘ఆఫీసు’లోని ఫకారంతోనే పలుకుతున్నాడు. నిజానికి ఆ మాటల్లోది ఒత్తు పకారం. అంటే ఇంగ్లీషును తెలుగు మార్చినట్టే తెలుగునూ ఇంగ్లీషు మారుస్తోంది. చెవి జల్లెడకు ఒక కొత్త కన్నం పడింది.

ఈ మార్పు అందరిలో ఒకే వేగంతో నడవదు. బెంగళూరుకు దగ్గరైన హిందూపురం కుర్రాడికీ, ఉరవకొండ పల్లెలో గొర్రెలు కాసే కుర్రాడికీ తేడా ఉంటుంది. కాల్ సెంటరులో పనిచేసే అమ్మాయి పగలు ఫోనులో ‘స్కూల్’ అని, సాయంత్రం అవ్వతో ‘ఇస్కూలు’ అనవచ్చు. అది నటన కాదు. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసిన నేర్పు.

మరి బడిలో ఏం నేర్పాలి?

యాసలన్నీ సూత్రబద్ధమే అయితే ఇక ఉచ్చారణ నేర్పనే అక్కరలేదా? అక్కర ఉంది. అవతలివాడికి అర్థం కావాలి కదా. ఏది అర్థానికి అడ్డం వస్తుంది, ఏది రాదు అన్నది తేల్చుకుంటే చాలు.

హైదరాబాదులో 1958లో మొదలై ఇప్పుడు ఇఫ్లూగా పేరు మారిన ఇంగ్లీషు బోధనా సంస్థ నుంచి ఆర్.కె. బన్సల్ 1969లో ఒక అధ్యయనం ప్రచురించాడు. భారతీయుల ఇంగ్లీషు ఎదుటివాళ్ళకు ఎంత అర్థమవుతోంది, ఎక్కడ అర్థం కావడం లేదు అన్నది దాని విషయం. అర్థం కాకపోవడానికి తేలిన ముఖ్య కారణాల్లో ఒకటి ఊనిక తప్పడం. ఇంగ్లీషు మాటలో ఏదో ఒక భాగాన్ని ఊది పలికి మిగతావాటిని మింగేస్తారు. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి భాగం మీద ఊనిక, ‘ఫొటాగ్రఫీ’లో రెండో భాగం మీద. ‘హోటెల్’లో చివరి భాగం మీద. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక. తెలుగు లయ గురులఘువుల మీద నడుస్తుంది, ఊనిక మారితే మనకు అర్థం మారదు. అందుకే ఇంగ్లీషులో ఊనిక చోటు మన చెవికి పట్టదు, బడిలో ఎవరూ చెప్పరు. ఇంగ్లీషువాడు మాటను గుర్తుపట్టేది చాలామటుకు దాంతోనే.

కాబట్టి ఇంగ్లీషు పంతుళ్ళకు ఒక మనవి. ‘టకారం బరువైంది, వకారం తప్పింది’ అంటూ పిల్లవాణ్ణి నిలబెట్టి నవ్వించకండి. అది వాడి చెవి ఏడాది వయసులోనే చేసుకున్న ఏర్పాటు, దాని వల్ల అర్థం చెడేది అరుదు. ఆ సమయం ఊనిక నేర్పడానికి వాడండి. కొత్త మాట నల్లబల్ల మీద రాసినప్పుడల్లా ఊది పలకాల్సిన భాగం కింద ఒక గీత గీయండి. ‘ఇస్కూలు’ అని వచ్చిన బిడ్డను ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పండి. ఆ ‘ఇ’ ఏ బెత్తమూ లేకుండా దానంతటదే పోతుంది. మీరు నవ్విన నవ్వు మాత్రం వాడి నోరు మూయించేస్తుంది, నోరు మూసుకున్న పిల్లవాడికి ఏ భాషా రాదు.